మూడో బెల్లు లోపు

"కరెంటు పోయిందని చెప్పు," అన్నాడు గెజిమ్ భార్యతో. "అంతే. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడకు."

"పోలేదు కదా."

"పోయిందని నేనంటున్నా. మన ష్కోదర్‌లో కరెంటు పోయిందంటే కాదనేవాడెవడు?"

వంటింటి బల్ల మీద ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది. రాజధాని టిరానాలోని ఆఫీసు నుంచి ఎంటెలా సూపర్‌వైజర్ ఓల్టా ఇప్పుడే మాట్లాడి పెట్టేసింది. సాయంత్రం లోపు నిన్నటి కాల్ రికార్డు వింటారట. ఇంతవరకూ ఎవరూ వినలేదట. ఏం జరిగిందో ఈలోగానే చెప్పమంది.

జరిగింది ఇది. నిన్న సాయంత్రం, ఇటలీలో ఒక కొండ ఊళ్ళో ఒంటరిగా ఉండే పియెరీనా అనే ముసలావిడ మెడలో వేసుకున్న మీట నొక్కింది. అలాంటి ముసలివాళ్ళు నొక్కే మీటలు మోగేది ఎంటెలా పడగ్గదిలో, ఆమె కంప్యూటర్లో. ఇక్కడి గొంతు అక్కడ వాళ్ళింట్లో పెట్టిన స్పీకర్ పెట్టెలోంచి గదంతా వినపడుతుంది. ఆ పిలుపును ఎవరో అందుకున్నారు. కాసేపు మాట్లాడారు. 'పరిష్కారమైంది' అన్న ఆకుపచ్చ బటన్ నొక్కి ముగించేశారు.

సాయం వెళ్ళలేదు. ఈ ఉదయం పియెరీనా తన వంటింటి నేల మీద స్పృహ లేకుండా దొరికింది, ఆస్పత్రిలో చేర్చారు.

ఆ కాల్ తీసింది ఎంటెలా కాదు. ఆ సమయంలో ఆమె ముందు గదిలో, అత్తగారి తమ్ముడి ఎదుట, కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

తీసిందెవరో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

"నా వైపు చూడకు," అంది నాజిఫె, పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే. "నేనేం తప్పు చేశానని?"

"నేను చూడలేదు, అత్తయ్యా."

"చూశావు. వీపుకి కూడా తెలుస్తుంది. కొండ మీద పుకా నుంచి నా తమ్ముడు కొడుకులిద్దర్నీ వెంటేసుకుని గుమ్మంలోకొచ్చాడు. ఏం చెయ్యమంటావు? కోడలు గదిలో తలుపేసుకుని ఇటలీ ముసలమ్మలతో కబుర్లాడుతోంది, మీరు నోరు మూసుకుని కూర్చోండి అనమంటావా?"

"కాఫీ మీరు కలిపి ఇచ్చి ఉంటే..."

"ఇంట్లో కోడలుండగా అత్త కాఫీ పోసిందని వాళ్ళు కొండంతా చాటేవాళ్ళు. మా వైపు దీనికే మాటలాగిపోయిన ఇళ్ళున్నాయి."

"ఒక్క సైగ చేశారు, లేచి వచ్చాను. ఉన్న విరామం మధ్యాహ్నమే అయిపోయింది. హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి వచ్చాను. ఒక్క కాఫీ పొంగేంతసేపు."

"మరి పెట్టి రావడమెందుకు? రానని చెప్పాల్సింది."

ఎంటెలా నవ్వింది. అందులో నవ్వు లేదు. "పోయినసారి రానన్నాను, అత్తయ్యా. మీరు నాతో నెల రోజులు మాట్లాడలేదు."

పొయ్యి మీద కూర అడుగంటుతోంది. నాజిఫె గరిటె తిప్పలేదు.

గెజిమ్ కుర్చీ లాక్కున్నాడు. అతని వ్యాన్ ఇంజన్ చచ్చిపోయి శీతాకాలం నుంచీ షెడ్డులోనే ఉంది. ఈ ఇల్లు నడుస్తున్నది ఎంటెలా గొంతు మీద. అది అతనికి తెలుసు. తెలుసు కాబట్టే ఎప్పుడూ ఆ మాట ఎత్తడు.

"పాత రాద్ధాంతాలు వద్దు," అన్నాడు. "పిల్ల గొంతు రికార్డులో వినపడిందంటే ఇంటి నుంచి పని బంద్. అవునా కాదా?"

"అవును."

"టిరానా వెళ్ళి కూర్చోగలవా, రోజూ?"

"పని బంద్ అవడం కాదు గెజిమ్. అక్కడొక మనిషి చావు బతుకుల్లో ఉంది."

"మనం తోశామా?"

ఎంటెలా వెళ్ళి కూర కింద మంట ఆర్పింది.

"చెప్పు. మనం తోశామా ఆమెని?"

---

బోరా తన చోటులోనే ఉంది. అమ్మ కంప్యూటర్ బల్ల కింద, గోడకి ఆనుకుని, మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా.

తలుపుకి లోపలి వైపు రగ్గు వేలాడదీసి ఉంది, చప్పుళ్ళు రాకుండా. ఆ ఇంట్లో బొమ్మలన్నిటికీ బ్యాటరీలు తీసేశారు. మొరిగే కుక్క మొరగదు, పాడే ఎలుగుబంటి పాడదు. ఆరేళ్ళ బోరాకి అది వింతగా అనిపించదు. అమ్మ ఒక వేలెత్తితే కదలకూడదు, రెండెత్తితే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చు, అరచెయ్యి చూపిస్తే మాట్లాడొచ్చు. నడక కంటే ముందు నేర్చుకున్నట్టు నేర్చుకుంది అవన్నీ.

ఎంటెలా నేల మీద కూర్చుని అరచెయ్యి చూపించింది.

బోరా మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"కోపం లేదు నాకు. నిన్న బెల్లు మోగింది కదా?"

తల ఊపింది.

"నువ్వు తీశావా?"

"రెండు మోగాయి," అంది బోరా. "మూడోది మోగితే నీకు మార్కు పోతుంది కదా. నువ్వేమో కాఫీ ఇస్తున్నావు."

ఎంటెలా దాని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"తీసి ఏమన్నావు?"

బోరా నిటారుగా కూర్చుంది. చేతిని చెవి దగ్గర పెట్టుకుంది. దాని నోట్లోంచి వచ్చిన ఇటాలియన్‌కి, ఎంటెలా రోజంతా మాట్లాడే ఇటాలియన్‌కి తేడా లేదు. అదే వేగం, అదే తీపి.

"సిల్వియాని మాట్లాడుతున్నాను. చెప్పండమ్మా, కంగారు పడకండి."

సిల్వియా అన్నది కంపెనీ ఇచ్చిన పేరు. ఇటలీ ముసలివాళ్ళకి ఎంటెలా బొలోన్యాలో పుట్టిపెరిగిన సిల్వియా. వాళ్ళ ఊళ్ళో వాన పడుతుంటే ఆ సంగతి తెర మీద ఒక మూల కనిపిస్తుంది. "ఇవాళ తడిసి ముద్దయ్యారు కదమ్మా," అనాలి. "ఎండలో కూర్చుని వాన గురించి చెప్పే ఉద్యోగం," అంటుంది నాజిఫె.

"ఆ అమ్మమ్మ ఏమంది, బోరా?"

"ఏడ్చింది. చిన్నగా మాట్లాడింది, నేను మాట్లాడినట్టు."

"ఏమంది?"

"సాంద్రో తాళం లాక్కున్నాడంది. సాంద్రోకి చెప్పొద్దు, ఇంకెవర్నయినా పంపమంది."

సాంద్రో. పియెరీనా వివరాల్లో ఆ పేరుంది. కొడుకు. మీట మోగగానే మొదట ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న చోట ఉన్న పేరు అదే. నిన్న తానే కుర్చీలో ఉండి ఉంటే, రోజూ చేసినట్టే, ముందు అతనికే ఫోన్ చేసేదేమో. ఆమె మాట పూర్తిగా వింటే తప్ప.

"నువ్వేమన్నావు?"

"వచ్చేస్తున్నారమ్మా, కంగారు పడకండి అన్నాను. తర్వాత, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగాను. నువ్వడుగుతావు కదా."

"అడుగుతాను."

"ఆవిడ ఏమీ అనలేదు. ఏదో పడింది, పెద్ద చప్పుడు. మళ్ళీ అడిగాను. ఏమీ అనలేదు." బోరా తల్లి ముఖంలోకి చూసింది. "ఏమీ అనకపోతే ఇంకేం వద్దని కదా? అందుకే ఆకుపచ్చది నొక్కాను."

రగ్గు పక్కన, గుమ్మంలో నాజిఫె నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఆవిడ వయసెంత?" అని అడిగింది.

"మీకంటే నాలుగేళ్ళు పెద్ద."

"రాత్రంతా నేల మీదేనా?"

"అవును."

నాజిఫె నడుముకి కట్టుకున్న ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి.

---

ఓల్టా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడుతోంది, బహుశా మెట్ల మీద నిలబడి.

"పక్కన ఎవరున్నారు?"

"మా ఆయన."

"ఉండనీ. విను. కొడుకు ఫోన్ చేశాడు ఇటలీ ఆఫీసుకి. ఈ ఉదయం ఊరి నుంచి వచ్చి చూస్తే తల్లి పడి ఉందట. కాలు జారిందంటున్నారు. ఫిర్యాదు ఏమీ లేదన్నాడు. మంచివాడిలాగున్నాడు. నువ్వు కరెంటు పోయిందని రిపోర్టులో పెట్టెయ్. కాల్ తెగిపోయిన వాటిలో పడుతుంది. తెగిపోయినవి ఎవరూ వినరు, కొన్నాళ్ళకి అవే చెరిగిపోతాయి."

"ఓల్టా, ఆ రికార్డు నువ్వు విన్నావా?"

"వినలేదు. వినను కూడా. వింటే నాకు తెలిసినట్టవుతుంది."

"అందులో ఆవిడ ఒక మాట చెప్పింది."

అవతల ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు.

"నీకెలా తెలుసు, ఆవిడ ఏం చెప్పిందో?" అంది ఓల్టా నెమ్మదిగా. "నువ్వు లేవు కదా కుర్చీలో. నేను పిచ్చిదాన్ని కాదు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. చూడు, ఈ ఒక్క కాల్ బయటపడిందంటే ఇటలీ వాళ్ళు మనకిచ్చిన పని మొత్తం రొమేనియాకి ఇచ్చేస్తారు. మన దగ్గర ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్ళెంతమందో, ఎంతమంది బల్లల కింద పిల్లలున్నారో నీకు తెలియదా?"

"తెలుసు."

"అయితే పెట్టెయ్. ప్రాణం పోలేదు కదా."

ఫోన్ పెట్టేశాక గెజిమ్ చేతులు చాచాడు. "విన్నావుగా. కాలు జారింది. అయిపోయింది."

"తాళం లాక్కున్నాడని చెప్పింది. అతనికి చెప్పొద్దంది."

"ఎవరితో? ఆరేళ్ళ పిల్లతో. నిన్న అదే పిల్ల సరస్సులో మొసలిని చూశానని చెప్పింది."

"అది ఆటకి చెప్పింది."

"ఇది కూడా ఆటే అయితే?" అతని గొంతు మొదటిసారి జీరబోయింది. "ఎంటెలా, పోలీసులు వస్తారు. ఇక్కడి వాళ్ళు కాదు, అక్కడి వాళ్ళు. పిల్లని కూర్చోబెట్టి అడుగుతారు. ఆకుపచ్చది ఎందుకు నొక్కావు పాపా అని. ఇవాళ కాకపోతే ఇంకో పదేళ్ళకి దానికి అర్థమవుతుంది, అది ఏం నొక్కిందో. అప్పుడేం చెప్తావు దానికి?"

అతను అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"నాకు షిఫ్ట్ టైమైంది," అంది.

---

ఎంటెలా కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ తలకి పెట్టుకుంది. తెర మీద రెండు బటన్లు, రోజూ ఉండేవే. ఆకుపచ్చది 'పరిష్కారమైంది'. ఎర్రది వేరు. అది నొక్కితే కాల్ టిరానాలో ఆగదు. ఆ కాల్, ఆ నంబరు నుంచి అంతకుముందు వచ్చినవన్నీ కలిపి నేరుగా ఇటలీ ఆఫీసుకి పోతాయి, వాళ్ళు వెంటనే వింటారు. మంట, దొంగతనం, దెబ్బలు, అలాంటి వాటికి. ఎంటెలా ఎప్పుడూ దాన్ని నొక్కలేదు. ఊరికే నొక్కినవాళ్ళు ఉద్యోగంలో మిగల్లేదు.

పక్కన ఏదో పెట్టిన చప్పుడైంది. చూసింది.

కాఫీ. చిన్న కప్పులో, పైన నురుగుతో, పక్కన మంచినీళ్ళ గ్లాసుతో. అతిథులకి పెట్టే సాసర్‌లో.

పెట్టింది నాజిఫె. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక అత్తగారి చేతి కాఫీ ఎంటెలా ముందుకి రావడం ఇదే మొదటిసారి. అత్తగారు నేల మీద చతికిలబడి, బల్ల కిందనుంచి బోరాని బయటికి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎంటెలాని చూసి ఒక వేలెత్తింది, మనవరాలి దగ్గర నేర్చుకున్నట్టు.

మేం కదలం. నువ్వు చూసుకో.

బెల్లు మోగింది.

తెర మీద పేరు పడింది. పియెరీనా.

ఆస్పత్రిలో ఉన్న మనిషి ఇంటి నుంచి పిలుపు. రెండో బెల్లు. తీసింది.

"సిల్వియాని మాట్లాడుతున్నాను. చెప్పండి, పియెరీనా గారూ."

"ఆవిడ లేదు." మగ గొంతు. నెమ్మదైన, మర్యాదస్తుడి గొంతు. "వాళ్ళబ్బాయిని. మీ పెట్టె తీసుకెళ్ళడానికి ఎవరినైనా పంపుతారా? ఇంక దీంతో పనుండదు."

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"మాట్లాడటం లేదు. ఇంక మాట్లాడకపోవచ్చు అంటున్నారు."

"అయ్యో. ఎలా జరిగింది సార్?"

"ఎవరికి తెలుసు? నేను ఉదయం వచ్చేసరికి పడి ఉంది. రాత్రి ఒక్కతే కదా." కాస్త ఆగాడు. "నిన్న డ్యూటీలో ఉన్న సిల్వియా మీరేనా?"

"నేనే సార్."

"గొంతు తేడాగా ఉందే." నవ్వాడు. మంచి నవ్వు. "నిన్నటిది చిన్నపిల్ల గొంతు. వచ్చేస్తున్నారమ్మా, కంగారు పడకండి అంది. చాలా ముద్దుగా చెప్పింది."

ఆ రికార్డు ఎవరూ వినలేదు. ఓల్టా వినలేదు. ఇటలీ ఆఫీసు వినలేదు. నిన్న ఆ మాట విన్నది ఇద్దరే, చెప్పిన బోరా, వింటున్న పియెరీనా. ఇంకొకరు విని ఉంటే, ఆ గదిలో ఉండి విని ఉండాలి. ఆ మీట మోగినప్పుడు. ఆ పెద్ద చప్పుడు అయినప్పుడు.

"భయపడకండి," అన్నాడు అతను. "నేను ఎవరికీ చెప్పను. పిల్లలున్న ఇల్లు, నాకు తెలుసు. మీరూ మర్చిపోండి, నేనూ మర్చిపోతాను. సరేనా?"

గుమ్మంలో గెజిమ్ నిలబడ్డాడు. హెడ్‌సెట్‌లోంచి బయటికి వస్తున్న సన్నటి గొంతు అతనికి వినపడుతోంది. టీవీ చూసి నేర్చిన ఇటాలియన్ అతనికి చాలు. సరే అను, అని పెదవులతో చెప్పాడు. సరే అని పెట్టెయ్.

ఎంటెలా కాఫీ వైపు చూసింది. నురుగు కప్పు అంచుకి తేలి ఆగిపోయింది.

రోజుకి ఎన్నిసార్లు అంటుందో లెక్కలేని మాట ఒకటుంది. చెవుడున్నవాళ్ళతో, ఏడ్చేవాళ్ళతో, గాలి ఎక్కువున్న ఊళ్ళవాళ్ళతో. అదే తీయటి గొంతుతో అంది.

"క్షమించండి సార్, లైన్ సరిగా లేదు. నిన్న మీరు విన్న మాట ఏమిటో, మళ్ళీ ఒక్కసారి చెప్తారా?"

అవతల ఊపిరి వినపడింది.

కుర్చీ జరిగిన చప్పుడు.

"మీ పాపకి ఎన్నేళ్ళు?" అన్నాడు అతను. నవ్వు లేదిప్పుడు.

లైన్ తెగిపోయింది.

తెర మీద రెండు బటన్లు, ఎప్పటిలాగే, ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి. ఎంటెలా మౌస్ మీద చెయ్యి వేసింది. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు, పరుగు. నడవాలో కరెంటు మెయిన్ పెట్టె తలుపు కిర్రుమంది.

"గెజిమ్, వద్దు."

ఆమె నొక్కిన టక్ మన్న చప్పుడు, మెయిన్ పడిన చప్పుడు ఒకేసారి వినపడ్డాయి.

తెర నల్లబడింది. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. ఇల్లంతా ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

"ఇప్పుడు పోయింది," అన్నాడు గెజిమ్ నడవాలోంచి. రొప్పుతున్నాడు. "కరెంటు ఇప్పుడు నిజంగా పోయింది. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు."

"అమ్మా," అంది బోరా. "ఎర్రది వెళ్ళిందా?"

ఎంటెలా నల్లటి తెర వైపే చూస్తోంది. అందులో తన ముఖం, వెనక అత్తగారి ముఖం, మధ్యలో పిల్ల. వెళ్ళిందో లేదో చెప్పేది అందులో ఏమీ లేదు.

వంటింట్లో ఫోన్ మోగడం మొదలైంది.

"తియ్యకండి," అన్నాడు గెజిమ్. "ఎవరూ తియ్యకండి."

ఎంటెలా లేవబోయింది. అత్తగారు చెయ్యెత్తి ఆపింది.

"రెండు," అంది బోరా, అలవాటుగా.

నాజిఫె మనవరాలిని ఒళ్ళోంచి దించింది. బల్ల కాలు పట్టుకుని లేచింది. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ అతని చెయ్యి పక్కకి నెట్టలేదు, అతని ముఖంలోకి చూసింది, అంతే. అతనే తప్పుకున్నాడు.

మూడోది మోగేలోపు ఫోన్ ఎత్తింది.

"సిల్వియా ఎవరూ లేరు ఇక్కడ," అంది, తనకొచ్చిన ఒకే ఒక భాషలో. "నేను ఎంటెలా అత్తని. నిన్న నా కోడల్ని కుర్చీలోంచి లేపింది నేను. అడగాల్సింది నన్ను అడగండి."

అవతల ఓల్టా. ఎర్రది అందిందని, ఇటలీ వాళ్ళు నిన్నటి కాల్ ఇప్పుడే వింటున్నారని చెప్పింది. నాజిఫె, చెవి నుంచి ఫోన్ తియ్యకుండానే, చేత్తో తడుముకుంటూ, మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.